దిల్‌సుఖ్‌నగర్ డాబా మీద తెల్ల గులాబీ

మా ఊరి గ్రంథాలయంలో యాత్రల పుస్తకాలకు ఒక అర ఉంది. ఆ అరలో ఉన్నవన్నీ చదివాను, కొన్ని రెండేసి సార్లు. వాటిని రాసినవాళ్లందరూ దూరాలు పోయినవాళ్లే. మంచుకొండలు ఎక్కారు, నెలల తరబడి ఓడల్లో తిరిగారు. నేను పోయింది దిల్‌సుఖ్‌నగర్ దాకా. ఊరి నుంచి బస్సులో రెండు గంటలు, అక్కడ మూడు రోజులు. ఇదీ ఒక యాత్రేనా అని మా లైబ్రేరియన్ గారు నవ్వారు గానీ, రాసిస్తే పేపర్ల బల్ల మీద అందరికీ కనబడేలా పెడతానన్నారు. అందుకని రాస్తున్నాను.

ఎందుకు పోయానో ముందు చెప్పాలి. మాది పోచంపల్లి పక్క ఊరు. మా అమ్మకు పెరట్లో ఒక పన్నీరు గులాబీ చెట్టు ఉండేది. లేత గులాబీ రంగు పువ్వులు, నలిగినట్టుండే మెత్తటి రేకలు, వీధి మలుపు దాకా వాసన. మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కిన రోజు ఆ చెట్టు పువ్వొకటి తెచ్చి మగ్గానికి పెట్టి మొక్కేది. అమ్మ పోయి రెండేళ్లయింది. ఏడాది తిరగకుండానే చెట్టూ ఎండిపోయింది. అమ్మ మీద బెంగతో ఎండిందని ఊళ్లో అందరూ అన్నారు. నేను ఊకొట్టాను.

నిజం వేరే. మేం చిటికి కట్టేవాళ్లం. డిజైన్ కోసం నూలు మీద అక్కడక్కడ సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలు బిగించి కట్టి రంగులో ముంచుతాం. కట్టిన చోట రంగు దూరదు. ముంచడం అయిపోయాక మిగిలిన రంగు నీళ్లను ఇంటి వెనక గుంటలో పారబోయాలి. ఆ వానాకాలం గుంట నిండిపోయిందని నెల రోజుల పాటు చెట్టు మొదట్లో పోశాను. పుస్తకాలు చదివే మనిషిని, నాకు తెలియక కాదు. బద్ధకం.

ఇక మిగిలింది మా చెల్లె సుజాత దగ్గరున్న చెట్టు. ఏడేళ్ల కింద వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నప్పుడు, మా మరిది అమ్మ చెట్టు కొమ్మ తీసుకుపోయి ఎల్బీనగర్‌లో ఒక నర్సరీలో అంటు కట్టించాడు. దాన్ని డాబా మీద డ్రమ్ములో పెంచుతున్నారు. అక్కడి నుంచి ఒక కొమ్మ తెచ్చుకోవాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. ఈ చలికాలం ఒక రోజు సుజాత ఫోన్ చేసి, "అక్కా, నీకొకటి చెప్తే నమ్మవు. అమ్మ పోయిన సంది గులాబి తెల్లగ పూస్తుంది" అంది. మర్నాడే బస్సెక్కాను.

బాటసింగారం నుంచి

బాటసింగారం దగ్గర బస్సు హైవే ఎక్కింది. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న డ్రైవరుకు అక్కడ హుషారొచ్చింది. నా పక్క సీట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు పోయే ఒక అమ్మాయి కూర్చుంది. ఒళ్లో నాలుగు లావు పుస్తకాలు. ఏం చదువుతున్నావని అడిగితే గ్రూప్స్ అంది.

"నేను గూడ సదువుతనమ్మా," అన్నాను.

"నువ్వు గ్రూప్స్‌కా ఆంటీ?"

"కాదు, ఊకెనే. లైబ్రరీల."

"పరీక్ష లేకుంట సదివేటోళ్లను మా హాస్టల్‌కు తీస్కపోయి సూపియ్యాలె," అని నవ్వింది. తర్వాత తనే చెప్పింది. "రేపు బంద్ ఉంది. మంచిగైంది, ఇయ్యాలనే ఒచ్చినవు."

తెలంగాణ కోసం ఊరూరా ధర్నాలు, బందులు నడుస్తున్న కాలం ఇది. మా ఊళ్లో టెంటు వేసుకుని వంతులవారీగా కూర్చుంటున్నారు, నేనూ రెండు రోజులు కూర్చున్నాను, టెంటులోనూ చదువుకున్నాను. ఎల్బీనగర్ చేరేసరికి చౌరస్తా నిండా ఊరేగింపు. బస్సు ఇక కదలదని కండక్టరు అందరినీ దించేశాడు. అక్కడి నుంచి షేర్ ఆటోలో పది రూపాయలిచ్చి వెళ్లాను. ముగ్గురు పట్టే సీట్లో అయిదుగురం. నా సంచీ ఒక పెద్దాయన ఒళ్లో, ఆయన గొడుగు నా ఒళ్లో.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర ఒకామె ప్లాస్టిక్ కాగితం చుట్టిన గులాబీలు అమ్ముతోంది. పొడుగు కాడ, ఎర్రటి పువ్వు, ఒక్కొక్కటి పది రూపాయలు. ఒకటి తీసుకుని వాసన చూశాను. కాగితం వాసన వచ్చింది.

"వాసన లేదేందమ్మా?"

"పువ్వు పది రూపాయలక్కా. వాసన గావాల్నంటే చార్మినార్ పోయి అత్తరు కొనుక్కో," అంది. కొనకుండానే వచ్చేశాను గానీ ఆమె మాట మాత్రం బాగా నచ్చింది.

ఇంకో వింత కర్రీ పాయింట్లు. మా ఊళ్లో కూర కొనుక్కు తింటే ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందనుకుంటారు. ఇక్కడ సాయంత్రమైతే ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు వరసలో నిలబడి పాకెట్లు తీసుకుపోతున్నారు. సుజాత వాళ్ల సందు మొదట్లో గుంటూరు వైపువాళ్ల కొట్టు ఉంది. గోంగూర పచ్చడి పాకెట్ పదిహేను రూపాయలు. మా గోంగూర కన్నా రెట్టింపు కారం. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, మళ్లీ పెట్టించుకుని తిన్నాను.

డాబా మీద

గులాబీ చెట్టు డ్రమ్ములోంచి లేచి పిట్టగోడ మీద పాకి డిష్ యాంటెన్నాను సగం కప్పేసింది. గుత్తులు గుత్తులుగా తెల్ల పువ్వులు. ఒక్కోటి రూపాయి బిళ్లంత, అయిదే రేకలు, మధ్యలో పసుపు. వాసన ఉంది గానీ సన్నగా, వంగి చూస్తే తప్ప తెలియదు.

"సూడు," అంది సుజాత. "అమ్మ."

చెట్టు పక్కన ప్రమిద ఉంది, అగరుబత్తుల పుల్లలున్నాయి. నేను ఆకులు చూశాను. గులాబీ ఆకు నిజానికి ఒక ఆకు కాదు. ఒక ఈనెకు అటూ ఇటూ చిన్నాకులు, కొసన ఒకటి ఉంటాయి. వాటిని పత్రకాలంటారని గ్రంథాలయంలో అట్ట ఊడిన ఒక మొక్కల పుస్తకంలో చదివాను. ఆ పుస్తకంలోనే ఉంది: అంటు కట్టేటప్పుడు వేరు కోసం కింద వేరే జాతి గులాబీని, గట్టి జాతిని పెడతారు. అంటు కింది నుంచి ఆ వేరుజాతి కొమ్మ వేస్తే వెంటనే తీసెయ్యాలి. లేదంటే అది పెరిగిపోయి పైదాన్ని అణిచేస్తుంది. మంచి గులాబీకి అయిదు పత్రకాలు, వేరుజాతికి ఏడు.

నేను లెక్కపెట్టాను. ఏడు. ఇంకో కొమ్మ. ఏడు. ఇంకోటి, ఏడే.

అప్పుడే చెప్పకుండా ఉండాల్సింది. కానీ తెలిసింది చెప్పకుండా నాకు నోరు ఆగదు.

"సుజాతా, గిది అమ్మ గులాబి గాదే," అన్నాను. అంటు గురించి, వేరుజాతి గురించి, పత్రకాల గురించి అంతా చెప్పాను. ఆమె చీపురు పట్టుకుని నిలబడి విన్నది.

"అంటే నా దగ్గర అమ్మ చెట్టు సచ్చిపోయింది. నేను వేరేదానికి నీళ్లు వోసి దండం పెట్టుకుంటున్న. గంతేనా?"

"నీ తప్పని అంటలే..."

"నువ్వు అనవక్కా. నీ పుస్తకమే అంటది," అని కిందికి దిగిపోయింది.

ఆ పూట అన్నం పెట్టింది, నెయ్యి వేసింది, మాట్లాడలేదు.

ఎర్రదారం, తెల్లదారం

మర్నాడు బంద్. పొద్దున్నే డాబా ఎక్కి చెట్టులోకి దూరాను. ఒక్క అయిదాకుల కొమ్మ దొరికినా అమ్మ చెట్టు బతికున్నట్టే కదా. గంటసేపు వెతికితే లోపల్లోపల నీడలో సన్నటి అయిదాకుల కొమ్మలు ఆరు దొరికాయి. వాటిని కోసి ఎర్రదారంతో కట్టాను. పోల్చి చూపించడానికి ఏడాకుల కొమ్మలు కూడా ఓ పది అక్కడోటి ఇక్కడోటి కోసి తెల్లదారంతో కట్టాను. డ్రమ్ము మొదట్లో ఉన్న పొట్టి కొమ్మ ఒకటి అందులోనే పడేశాను. దానికీ ఏడే ఉన్నాయి.

బయటికి రాబోతే చీర ముళ్లకు చిక్కుకుంది. అటూ ఇటూ కదల్లేక అలాగే వంగి ఉండిపోయాను. సుజాత టీ తీసుకుని పైకొచ్చింది. నన్ను చూసి గ్లాసు గోడ మీద పెట్టి, ఒక్కో ముల్లూ తప్పిస్తూ కూర్చుంది.

"లైబ్రరీకి గీ చీరనే కట్టుకపోతవా?"

"ఆ."

"మంచిగుంది. చెట్టుకు గూడ నచ్చినట్టుంది."

అట్లా మాటలు కలిశాయి. ఎర్రదారం కట్ట చూపించి, నర్సరీకి పోదామన్నాను.

"బంద్ రోజు ఎవడు తీస్తడు? బస్సుల్లేవు, ఆటోల్లేవు."

"నడుద్దాం. కోసిన కొమ్మలు ఎండిపోతయి."

రెండు కట్టలూ తడిగుడ్డలో చుట్టుకుని బయల్దేరాం.

కొత్తపేట దాకా

బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు చూడాలి. షట్టర్లన్నీ కిందికి, ముందురోజు నేను దాటడానికి పావుగంట పట్టిన రోడ్డు మీద ఇద్దరు ముసలాయనలు నడిమధ్యన కుర్చీలేసుకుని పేపరు చదువుతున్నారు. చైతన్యపురి దాటాం. కొత్తపేట పండ్ల మార్కెట్ గేటు మూసి ఉంది గానీ లోపలి నుంచి బత్తాయి వాసన రోడ్డు మీదికి వస్తోంది. సుజాత అలిసిపోయి గేటు పక్క అరుగు మీద కూర్చుంది.

"అమ్మ చెట్టు మంచిదక్కా," అంది. "అమ్మ పోంగనే ఊళ్లె అది గూడ బెంగతోటి పోయింది. నేను మాత్రం ఈడ తెల్లదాన్ని పెంచుకున్న."

ఇక ఊకొట్టలేకపోయాను.

"అది బెంగతోటి పోలే. నేను సంపిన. నెల దినాలు రంగు నీళ్లు దాని మొదట్ల వోసిన."

"ఎవలకు చెప్పినవు?"

"నీకే."

"రెండేండ్ల సంది?"

"ఆ."

ఆమె లేచి కొంగు దులుపుకుంది. "ఆడ నువ్వొక దాన్ని సంపినవ్, ఈడ నేనొక దాన్ని. అమ్మ ఉంటే మన ఇద్దర్నీ చీపురుకట్ట పట్టుకుని ఉరికిస్తుండె," అంది. నవ్వబోయి ఏడ్చింది. నేనూ అంతే. చూడ్డానికి ఆ కుర్చీల్లోని ముసలాయనల్లాంటివాళ్లు ఇక్కడెవరూ లేకపోవడం మంచిదైంది. "నడువ్, కొమ్మలు ఎండుతయన్నవ్ గద," అని నా చెయ్యి పట్టుకుని లాగింది.

ఎల్బీనగర్‌లో భోజనం

ఎల్బీనగర్‌లో ఉద్యమంవాళ్లు రోడ్డు మీదే వంటా వార్పు పెట్టారు. ఇది మా ఊళ్లోనూ చేశారు గానీ ఇంత పెద్ద గిన్నెలు నేను చూడలేదు. లారీలు పోవాల్సిన చోట మూడు రాళ్ల పొయ్యిలు, బగారన్నం, పప్పుచారు. ఎర్రచీర కట్టుకున్న ఒకామె గరిటె పట్టుకుని అందరి మీదా అధికారం చేస్తోంది. నర్సరీ ఎక్కడని అడిగితే, "తిన్నంక చెప్త, కూసోండ్రి," అంది. విస్తరిలో ఆమె వేసినంత తినాల్సిందే. తింటుంటే తనే రోడ్డు పక్క ఒక గేటు వైపు తిరిగి కేకేసింది.

"ఓ సత్యమన్నా! నీ మొక్కలు యాడికి ఉరకవు గని, రా, రెండు బుక్కలు తిను!"

మూసిన గేటు వెనక నుంచి తెల్ల గడ్డం పెద్దాయన తొంగి చూశాడు. గోదావరి వైపు మనిషి, కడియం దగ్గరి ఊరివాడట.

"మీరు పెడితే తింటానండి. గేటు తియ్యమంటే మాత్రం తియ్యను."

"తీస్తే నేనే ఊకోను. రాష్ట్రం ఒచ్చినంక నువ్వు మీ ఊరికి పోతవా, ఉంటవా?"

"పాతికేళ్ల బట్టి ఇక్కడి నీళ్లే తాగుతున్నానండి. ఇంత మనిషిని ఏ కుండీలో పెట్టి పంపిస్తారు?"

"డ్రమ్ము తెస్త తియ్యి," అంది ఆమె, ఇంకో గరిటె అన్నం వేస్తూ. ఆయన కింద కూర్చుని శుభ్రంగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, మా తడిగుడ్డ చూసి, "వెనక గుమ్మం నుంచి రండమ్మా" అన్నాడు.

సత్యం గారి బల్ల

ఏడేళ్ల కింది అంటు ఆయనకు గుర్తు లేదు. రోజుకు ఇరవై కడతానండి, మొహాలే గుర్తుండవు అన్నాడు. నేను ఎర్రదారం కట్ట ముందు పెట్టి, అయిదు పత్రకాల సంగతి మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, కొమ్మలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఆరింటినీ పక్కన పడేశాడు.

"ఇవన్నీ వేరుజాతేనమ్మా. నీడలో బలం లేక అయిదేసి వేసినయ్."

ఆయన తెల్లదారం కట్ట విప్పాడు. ఒకటి పారేశాడు, రెండు, మూడు. మొదట్లో కోసిన పొట్టి కొమ్మ దగ్గర ఆగాడు. కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఇది ఎక్కడ కోశారు?"

"డ్రమ్ము మొదట్ల. దానికీ ఏడున్నయి గద?"

"ఆకులు లెక్కెట్టకండి, అవి మోసం చేస్తాయి. ఇక్కడ చూడండి." ఆకు కాడ కొమ్మకు అతికే చోట రెండు వైపులా సన్నటి రెక్కల్లాంటివి ఉంటాయి. పత్రపుచ్ఛాలు అని నేను చదివినవే, కానీ ఎన్నడూ వేలు పెట్టి చూడలేదు. వేరుజాతి కొమ్మకు ఆ రెక్కల అంచు చీర కొంగు కుచ్చుల్లా పోగులు పోగులుగా ఉంది. పొట్టి కొమ్మకు అంచు నున్నగా, కత్తిరించినట్టుంది. ఆకు వెనక్కి తిప్పి తడిమి చూడమన్నాడు. మెత్తగా, నూగుగా ఉంది. వేరుజాతి ఆకుకు అంత మెత్తదనం లేదు. "ఇదమ్మా మీ పన్నీరు గులాబీ. ఇంకా ఉందా చెట్టుకి?"

లేదు. ఉన్న ఒక్కదాన్నీ పనికిరాని కట్టలో వేసింది నేనే.

దానికి నాలుగు కన్నులున్నాయి. కన్నంటే ఆకు కాడ పక్కన మొలిచే మొగ్గ. రెండు నా దారం బిగింపుకు నలిగిపోయాయి. మిగిలిన రెండింటికి ఆయన రెండు చిన్న వేరుమొక్కలు తెచ్చాడు. బెరడు మీద కత్తితో గాటు పెట్టి, పెదవుల్లా విప్పి, కన్నును బెరడుతో సహా లోపలికి జార్చాడు. ఆకు తుంచి కాడ మాత్రం ఉంచాడు. మొదటిదానికి ప్లాస్టిక్ పీలిక చుట్టి కట్టాడు. రెండోది నేను కడతానన్నాను. పీలికతో కట్టడం నా వృత్తి, ఏడేళ్ల వయసు నుంచి కడుతున్నాను. మూడు చుట్లు తిప్పి బిగించాను.

ఆయన చూసి, "ఇదేం కట్టమ్మా!" అన్నాడు.

"చిటికి కట్టు. చుక్క నీరు గూడ దూరది."

"మరి చెట్టు రసం ఎలా దూరుతుందమ్మా? ఊపిరాడకుండా చంపేస్తారా?"

సుజాత నా వైపు చూడకుండా ఆకాశం వైపు చూసింది. ఆయన నా కట్టు విప్పి, కదలకుండా పట్టి ఉంచేంత మాత్రం కట్టాడు. అంత వదులు కట్టు కట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు.

"మూడు వారాలు ఆగండి. తర్వాత ఆ ఆకు కాడని వేలితో మెల్లగా ముట్టుకోండి. రాలిపోతే బతికినట్టు. ఎండి అతుక్కుని ఉంటే పోయినట్టే."

రాలితే బతికినట్టని ఏ పుస్తకంలోనూ చదవలేదు. చీటీ మీద రాసుకున్నాను.

లేవబోతూ సుజాత అడిగింది. "మరి ఇంటికాడ తెల్లది? నరకాల్నా?"

"నన్నడిగితే నరకమననమ్మా. మీ అమ్మగారి కొమ్మ ఇన్నాళ్లు బతికిందంటే దాని వేళ్ల మీదే గదా." కొంచెం ఆగి, "ఏటా కాస్త కత్తిరించండి, యాంటెన్నా కనపడాలి" అన్నాడు.

రెండు మొక్కలకు అరవై రూపాయలు. దారి పొడుగునా మేం తలా ఒకటి చంకలో బిడ్డల్లా పట్టుకుని నడిచాం. మూడో రోజు బస్సులు తిరిగాయి. ఆమెకొకటి, నాకొకటి. ఎక్కేముందు సుజాత నా మొక్క ప్లాస్టిక్ సంచీ సర్ది, "మా రంగు నీళ్లక్కకు దూరంగుండు" అని దానికే చెప్పింది.

ఇరవై ఒకటో రోజు

నా మొక్కను అరుగు మీద పెట్టుకుని రోజూ చూశాను, ముట్టుకోలేదు. మూడు వారాలు నిండిన పొద్దున వేలు పెట్టాను. కాడ రాలలేదు. ఎండి నల్లబడి అతుక్కుని ఉంది. ఇంకోసారి ముట్టుకున్నాను. రాలలేదు. నేను కట్టి విప్పించుకున్న మొక్క ఇదో కాదో చెప్పలేను, రెండూ ఒక్కలాగే ఉండేవి.

సుజాతకు ఫోన్ చేశాను.

"నాది పోయిందే."

"అయ్యో, అక్కా."

"నీది ముట్టుకున్నవా?"

"లేదక్కా. రెండు దినాల సంది డాబా మీదికి పోతున్న, ఒస్తున్న. నాకు భయమైతుంది. నువ్వొచ్చి ముట్టు."

"నా చెయ్యి మంచిది గాదు. నువ్వే ముట్టు. నేను లైన్ల ఉంట."

మెట్లెక్కుతున్న చప్పుడు. దూరంగా రోడ్డు మీద మైకులో నినాదాలు. ఆమె చెప్పులు ఆగాయి. నేను మా అరుగు మీద, మగ్గానికి ఎదురుగా, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

"అక్కా."

"ఆ."

"నేను ఇంకా మంచిగ ముట్టుకోనే లేదు. నా చేతిల పడ్డది."